శాలువా కప్పించుకున్నవాడు

భవానీపురం, విజయవాడ
జూన్ 6

పూజ్యులు బావగారికి, రామకోటేశ్వరరావు నమస్కరించి వ్రాయునది.

మీ ఆహ్వానపత్రిక అందింది. దళసరి కాగితం, అంచున బంగారు గీత. పెళ్ళిపత్రిక అనుకుని మా ఆవిడ మూలల్లో పసుపు కోసం వెతికింది. లోపల చదివాక దాన్ని నా ముందు పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మత్తు రహిత మైలవరం సమితి అధ్యక్షుల హోదాలో మీరు ఈ నెల ఇరవై ఆరున మీ సొంత కొడుక్కే శాలువా కప్పి, "మత్తును జయించిన యోధుడు" అని బిరుదు ఇవ్వబోతున్నారట.

ఫోనులో అయితే మనిద్దరం రెండో మాటకే గొంతు పెంచుతాం. అక్కయ్య ఫోను లాక్కుని "ఇద్దరికీ బుద్ధి లేదు" అని పెట్టేస్తుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. నా అలవాటు మీకు తెలిసిందే, అంకెలు వేసుకోకపోతే నాకు ఆలోచన సాగదు.

ఒకటి. అఖిలేష్ ఏ యుద్ధానికీ వెళ్ళలేదు. బైకు మీద నుంచి పడ్డాడు, తొడ ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. నొప్పికి ఇచ్చిన ఇంజెక్షన్లు నొప్పి పోయాక కూడా అతన్ని వదల్లేదు. ఇందులో జయాపజయాలు ఎక్కడున్నాయో మీ సమితి వారే చెప్పాలి.

రెండు. ఇది అన్నిటికంటే ముఖ్యం కనుక ఒకటో అంకె వేయవలసింది. నాలుగు నెలలు డీ-అడిక్షన్ కేంద్రంలో ఉండి వచ్చిన మనిషి ఒంట్లో పాత ఓర్పు ఉండదు. కొత్తగా చుట్టిన మోటారుకు వార్నిష్ ఆరకముందే పూర్తి లోడు ఇస్తే కాయిల్ మాడిపోతుంది. అలాగే ఒకప్పుడు తట్టుకున్న మోతాదే ఇప్పుడు ఊపిరి ఆపేస్తుంది. మీరు శాలువా కప్పుతున్నది ప్రమాదం తప్పినవాడికి కాదు, ప్రమాదం నడిమధ్యలో నిలబడ్డవాడికి.

మూడు. మళ్ళీ జారితే మామూలువాడు వచ్చి చెప్పుకుంటాడు. యోధుడు తలుపు గడియ పెట్టుకుంటాడు. తలుపు గడియే చంపుతుంది, బావగారూ. మా షాపు వెనక సందులో సూది వేసుకుని ఊపిరాగి పోయిన కుర్రాడు ఒంటరిగా కూడా లేడు. పక్కన ముగ్గురు స్నేహితులున్నారు. పోలీసులొస్తారని ముగ్గురూ పరుగెత్తారు. ఆ భయం కూడా గడియే. ఆ తర్వాతే నేనూ, రిటైరైన నర్సు తెరేసమ్మగారూ, ఒకప్పుడు తానూ ఇదే ఊబిలో ఉండి ఇప్పుడు ఆటో నడుపుకునే యేసుకుమారూ కలిసి ఈ పని మొదలుపెట్టాం. పాత సూదులు తీసుకుని కొత్తవి ఇస్తాం. ఊపిరి ఆగుతున్నవాడి దగ్గరికి పరుగెత్తుతాం. మీ భాషలో చెప్పాలంటే సూదులు పంచే ముఠా.

నాలుగు. పత్రికలో ఆత్మీయ అతిథుల వరుసలో నా పేరు కింద "పారిశ్రామికవేత్త" అని వేయించారు. నేను మోటార్లు చుట్టేవాణ్ణి.

దీనితో ఒక చిన్న పొట్లం పంపుతున్నాను. మోతాదు ఎక్కువై ఊపిరి ఆగబోతే ఇవ్వడానికి, మాకు సాయం చేసే డాక్టరుగారు అఖిలేష్ పేరు మీద రాసిచ్చిన విరుగుడు మందు. ఎలా ఇవ్వాలో తెరేసమ్మగారు పోయిన నెల అక్కయ్యకు నేర్పారు. చేతికి అందేచోట ఉంచండి.

రామకోటేశ్వరరావు

—

మైలవరం
జూన్ 11

చి. రామకోటేశ్వరరావుకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చాకలి పద్దులా ఉంది. ఎన్ని దుప్పట్లు, ఎన్ని దిండు గలీబులు అన్నట్టు. పదో తరగతి తప్పినవాడికి డిక్షనరీ ఒకటి దొరికితే ఎంత ప్రమాదమో నేను మొదటినుంచీ మీ అక్కయ్యతో అంటూనే ఉన్నాను.

నేను ఇరవయ్యేళ్ళు హెడ్మాస్టరుగా చేశాను. పిల్లవాడికి మొదటి బహుమతి ఇస్తే రెండోసారి కూడా మొదటే రావాలని చదువుతాడు. మనిషి స్వభావం అది. నువ్వు చేసేదేమిటంటే, దొంగ చేతికి తాళంచెవి ఇచ్చి, తలుపు చప్పుడు కాకుండా తీయి నాయనా, వేలు నలుగుతుంది అని చెప్పడం. దానికి సంఘసేవ అని పేరు.

మా అఖిలేష్ ఇప్పుడు తెల్లవారకముందే లేస్తున్నాడు. భోజనానికి ముందు నేను సంకల్పం చెప్పిస్తే చెబుతున్నాడు. నేను రాసిచ్చిన ఉపన్యాసం కంఠస్థం చేస్తున్నాడు. మొన్న అద్దం ముందు నిలబడి "నా విజయానికి కారకులు మా తండ్రిగారు" అన్నచోట గొంతు కాస్త వణికింది. అది సహజంగా ఉంది, అలాగే ఉంచమన్నాను.

నీ పొట్లాన్ని పంచాయతీ చెత్తబండిలో వేయించాను. ఇంట్లో విరుగుడు పెట్టుకోవడమంటే ఇంట్లో విషం ఉందని ఒప్పుకోవడమే. ఇంకో నాలుగు రోజుల్లో ఇంటికి విలేకరులు వస్తారు. ఫ్రిజ్ తెరిస్తే అది కనబడాలా?

పారిశ్రామికవేత్త అన్న మాట నీ మర్యాద కోసం వేయించింది. వేదిక మీద నీకు కుర్చీ ఉంది. వచ్చి కూర్చో. సూదుల ప్రసక్తి తేవద్దు.

ఇట్లు
కె. మల్లికార్జునరావు, ఎం.ఏ., బి.ఇడి.
రిటైర్డ్ ప్రధానోపాధ్యాయులు
అధ్యక్షులు, మత్తు రహిత మైలవరం సమితి

—

భవానీపురం
జూలై 2

పూజ్యులు బావగారికి,

కార్యక్రమం చూశాను. మీరు కేటాయించిన కుర్చీలో కూర్చోలేదు, కింద ఆడవాళ్ళ వరుసల వెనక కూర్చున్నాను. అక్కడినుంచి అన్నీ కనబడ్డాయి. ముఖ్య అతిథి వచ్చేదాకా బడిపిల్లలు నినాదాలు రాసిన అట్టముక్కలు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. ఇద్దరు పిల్లలు కళ్ళు తిరిగి పడిపోతే వాళ్ళను షామియానా కిందికి కాక, ఫోటోలో రాకుండా పక్కకు జరిపారు. ముఖ్య అతిథి వచ్చాక మత్తుమందుల మీద మాట్లాడకుండా మీ మీద మాట్లాడారు. ఆ తర్వాత మీరు కూడా మీ మీదే మాట్లాడారు. ప్రతిజ్ఞ చేయడానికి అందరూ చేయి చాచినప్పుడు ముందు వరుసలో ఒకాయన నోట్లో గుట్కా ఉంది. ఆయన పెదవులు మాత్రం కదిపారు. నాకు ఆయన మీదే గౌరవం కలిగింది, అబద్ధాన్ని పైకి చెప్పలేదు.

అఖిలేష్ భుజాల మీద ఒకటి తీయకముందే ఇంకొకటిగా శాలువాలు పడ్డాయి. జూన్ ఉక్కలో ఉన్ని శాలువాలు. చెమటకు కళ్ళు మండి తుడుచుకుంటే, మీరు మైకులో "ఆనందబాష్పాలు" అన్నారు.

సభ అయ్యాక బస్టాండు దగ్గర జక్కయ్య దుకాణంలో మేమిద్దరం టీ తాగాం. మీరు పెట్టించిన ఫ్లెక్సీ సరిగ్గా ఆ దుకాణం నెత్తిమీద ఉంది. అఖిలేష్ ముఖం వీధి తలుపంత.

జక్కయ్య గ్లాసు అందిస్తూ, "యోధుడుగారికి చక్కెర ఎయ్యొచ్చా, అది కూడా మానేశారా?" అన్నాడు. చుట్టూ నలుగురు నవ్వారు. అఖిలేష్ కూడా నవ్వాడు.

ఆ తర్వాత నాతో అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"మామయ్యా, అక్కడ కేంద్రంలో ఉన్నప్పుడు ఒక్కటే ధైర్యంగా ఉండేది. పడితే నేలమీదే కదా పడేది అనుకునేవాణ్ణి. ఇప్పుడు పడాలంటే ఇదిగో, అంతెత్తునుంచి పడాలి."

"పడాలనిపిస్తోందా?" అని అడిగాను.

"రోజూ అనిపిస్తది. నాన్నకు చెప్పా. అట్లాంటి మాటలు సభ అయ్యేదాకా అనొద్దన్నాడు. సభ అయిపోయింది. ఇప్పుడేమో ఫ్లెక్సీ ఉన్నన్నాళ్ళూ అనొద్దంటున్నాడు."

మా దగ్గరికి వచ్చి కొన్నాళ్ళు ఉండమన్నాను. మీరు ఒప్పుకుంటే వస్తానన్నాడు. బావగారూ, ఇరవై నాలుగేళ్ళవాడు. మీరు ఒప్పుకుంటే అన్నాడు.

పంపించండి. వారానికి నాలుగు మాటలైనా నిజం మాట్లాడుకునే చోటు ఒకటి అతనికి కావాలి. మీ ఇంట్లో ప్రస్తుతం విలేకరులకే చోటున్నట్టుంది.

రామకోటేశ్వరరావు

—

మైలవరం
జూలై 20

శ్రీ రామకోటేశ్వరరావు గారికి,

మీ జాబు చేరినది. ఇకమీదట మీకు మర్యాదతోనే రాయదలచుకున్నాను, చనువు ఇచ్చినందువల్ల కలిగిన ఫలితం చూశాను గనుక.

తండ్రీకొడుకుల మధ్య టీ దుకాణంలో పంచాయతీ పెట్టే హక్కు మేనమామకు ఏ శాస్త్రంలోనూ లేదు. అఖిలేష్ భవానీపురం రాడు. పాడైపోయినవాళ్ళ మధ్య కూర్చుంటే బాగుపడినవాడు ఏమవుతాడో చెప్పడానికి మోటారు వైండింగ్ తెలిసి ఉండనవసరం లేదు.

మీ దిగులు తీరడానికి అతని స్థితి రాస్తున్నాను. మునుపటి దుడుకుతనం పూర్తిగా పోయింది. భోజనం మితంగా చేస్తున్నాడు. మధ్యాహ్నం ప్రశాంతంగా నిద్రపోతున్నాడు, పిలిచినా వెంటనే లేవనంత గాఢంగా. శుభ్రత పెరిగింది, స్నానాలగదిలో చాలాసేపు గడుపుతున్నాడు. వేషంలో కూడా పెద్దమనిషి తరహా వచ్చింది. ఇంత ఉక్కపోతలోనూ పూర్తి చేతుల చొక్కాయే తొడుగుతున్నాడు, బొత్తాములు మణికట్టు దాకా పెట్టుకుని. నేను పదిహేనేళ్ళుగా చెబుతున్న విషయం అది.

సెప్టెంబరులో సమితి వార్షికోత్సవం. జిల్లాస్థాయిలో జరుపుతున్నాం. అతనిదే ప్రధానోపన్యాసం. మీకు ఆహ్వానం ఉండదు.

కె. మల్లికార్జునరావు
అధ్యక్షులు

—

జక్కయ్య టీ దుకాణం, మైలవరం బస్టాండు
జూలై 24, మధ్యాహ్నం

బావగారికి,

ఇప్పుడే మీ గేటు దగ్గరినుంచి వస్తున్నాను. "వాడు నిద్రపోతున్నాడు, తర్వాత రండి" అన్నారు మీరు. నిద్రపోతున్నవాణ్ణి చూడటానికే వచ్చాను. గేటు వేసేశారు. అక్కయ్య ఊళ్ళోకి వెళ్ళిందట, ఆవిడకు చేస్తే ఫోను మీ జేబులో మోగింది. అందుకని జక్కయ్య దగ్గర కాగితం తీసుకుని రాస్తున్నాను. అతనే తెచ్చి ఇస్తాడు. నా మీద కోపంతో చించకండి, ఇందులో వెటకారం లేదు.

మీ ఉత్తరంలో మెచ్చుకుంటూ రాసినవన్నీ నేను వేరే రకంగా చదివాను. పిలిచినా లేవని నిద్ర. స్నానాలగదిలో ఆలస్యం. ఉక్కలో పూర్తి చేతుల చొక్కా. అతను చేతులు దాస్తున్నాడు, బావగారూ. మళ్ళీ మొదలైంది. తిట్టకండి. సోదా చేయకండి. మీరు పారేసిన విరుగుడుకు బదులు డాక్టరుగారు ఇంకొకటి రాసిచ్చేలోగా ఈ పనులు చేయండి.

స్నానాలగది లోపలి గడియ ఈరోజే తీయించండి.

అతను పడిపోయి కనబడితే, పెదవులు నల్లబడినా, గురక వింతగా వచ్చినా, ఊపిరి బాగా అరుదుగా తీస్తున్నా, ముందు 108కి ఫోను చేయండి. తర్వాత తల వెనక్కి వంచి నోట్లోకి ఊపిరి ఊదాలి. ఊపిరి తనంతట తాను ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

మజ్జిగ పోయకండి. నిమ్మరసం, చింతపండు రసం ఏదీ వద్దు. మత్తు దిగుతుందని మన ఇళ్ళల్లో ఇదే చేస్తారు. స్పృహ లేనివాడి నోట్లో పోసింది కడుపులోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వెనకవైపు తెరేసమ్మగారి నంబరు రాశాను. నాది రాయలేదు. నా పేరు చూస్తే మీరు చేయరు. ఆవిడ మీకు బంధువు కాదు, మీ మీద ఆవిడకు కోపమూ లేదు. ఈ కాగితం అక్కయ్యకు చూపించండి. ఇంతకంటే మిమ్మల్ని ఏమీ అడగను.

రామకోటేశ్వరరావు

—

మైలవరం
ఆగస్టు 4

చి. రామకోటేశ్వరరావుకు,

కొన్ని విషయాలు వక్రీకరించి నీ చెవిన పడే అవకాశం ఉన్నందున స్వయంగా రాస్తున్నాను.

అఖిలేష్ పోయిన సోమవారం స్నానాలగదిలో పడిపోయాడు. గడియ నేను తీయించలేదు. వడ్రంగిని పిలిస్తే ఎందుకని అడుగుతాడు. తలుపు నేనూ, పక్కింటి బసవపున్నయ్యా కలిసి పగలగొట్టాం. బసవపున్నయ్యను వెంటనే పంపేసి గేటు మూయించాను. ఆయన సమితి కోశాధికారి.

నేను మజ్జిగ తెచ్చాను. నీ కాగితం చదవలేదని కాదు. చదివాను. ఆ సమయానికి చేతులు వాటంతటవే వంటింట్లోకి వెళ్ళాయి. ఒక గుక్క పోశాను. మీ అక్కయ్య గ్లాసు లాక్కుని గోడకేసి కొట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా చేతిలో వస్తువు ఆవిడ లాక్కోవడం అదే మొదలు. నేను సొరుగులో పడేసిన నీ కాగితం ఆవిడ తీసి కొంగున ముడేసుకుని ఉందని నాకు అప్పుడు తెలిసింది. 108కి ఆవిడే చేసింది. తర్వాత ఆ తెరేసమ్మకు చేసి ఫోను స్పీకరులో పెట్టింది. నేను, నా హోదా చెప్పి, పరిస్థితి వివరించబోయాను. ఆవిడ నన్ను పూర్తి చేయనివ్వలేదు. "మాస్టారూ, మీరు కాస్త పక్కకు జరగండి. అమ్మా, నువ్వు చెప్పు, రొమ్ము లేస్తుందా?" అంది. ఎవరితో మాట్లాడుతున్నదీ ఆవిడకు తెలిసినట్టు లేదు. అంబులెన్సు వచ్చేదాకా మీ అక్కయ్యే ఊపిరి ఊదింది. మధ్యలో ఆయాసమొచ్చి ఆగితే ఫోనులోంచి "ఆగొద్దు తల్లీ, ఆగొద్దు, నీ బిడ్డ నీ ఊపిరి మీదే ఉన్నాడు" అని వినబడుతూ ఉంది.

డ్రైవరుకు నేను ఫోను చేసి సైరన్ వేయవద్దనీ, వీధి మూల మీదే ఆగమనీ మర్యాదగానే చెప్పాను. అతను సైరన్ వేసుకుని ఇంటిముందుకే వచ్చాడు. ఇలాంటివాళ్ళ మీద ఫిర్యాదు చేయడానికి ఒక పద్ధతి ఉండాలి. అంబులెన్సులోనే మందు ఎక్కించారు. పెద్దాసుపత్రిలో చేర్చాం. మజ్జిగ వల్ల ఊపిరితిత్తుల్లో కొంత ఇబ్బంది అయింది, తగ్గింది.

వీధిలో డెంగ్యూ అని చెప్పాను. నిన్ను ఎవరడిగినా అదే చెప్పు.

ఇంటికి తీసుకొచ్చిన మర్నాడే వాడు మాతో చెప్పకుండా బస్సెక్కాడు. నీ దగ్గరే ఉంటాడు. వెంటనే పంపించు. హైదరాబాదులో క్రమశిక్షణ గట్టిగా ఉండే కేంద్రం ఒకటి విచారించాను. వార్షికోత్సవానికి ఇంకా సమయం ఉంది.

కె. మల్లికార్జునరావు

—

భవానీపురం
ఆగస్టు 12

బావగారికి,

పంపను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కొడుకు నేలమీద ఊపిరి లేకుండా ఉంటే మీరు గేటు సంగతి, కోశాధికారి సంగతి, సైరన్ సంగతి చూసుకున్నారు. ఆ డ్రైవరు మీ మాట వినకపోవడం ఈ మొత్తం వ్యవహారంలో మైలవరం వీధుల్లో జరిగిన ఒకే ఒక్క సంఘసేవ. మీ సమితికి ఇంకా శాలువాలు మిగిలి ఉంటే ఒకటి అతనికి కప్పండి. ఇంకొకటి అక్కయ్యకు. ఆవిడ వేసుకోదు, ముఖాన కొడుతుంది. అయినా ప్రయత్నించండి.

డెంగ్యూ అని నేనెవరికీ చెప్పను. మా పిన్ని అడిగింది, ఉన్నది చెప్పాను. తర్వాత, "మా ఆడపడుచు మనవడు కూడా ఇట్లాగే చేతులు కప్పుకుని తిరుగుతున్నాడురా, ఆ నర్సమ్మతో మాట్లాడించవా" అని అడిగింది. మీ ఉపన్యాసాలు విని ఇప్పటిదాకా ఒక్కరైనా మిమ్మల్ని అలా అడిగారా?

ఇక అఖిలేష్. ప్రభుత్వాసుపత్రిలో మత్తు యావను అణచేందుకు నాలుక కింద పెట్టే మాత్ర రోజూ దగ్గరుండి వేయిస్తారు, దానికి పేరు రాయించాం. మొదలుపెట్టడానికి పరీక్షలు కావాలన్నారు. ఈలోగానే, పోయిన గురువారం, అతను మళ్ళీ తీసుకున్నాడు.

చదవడం ఆపకండి. జరిగింది ఇది. మధ్యాహ్నం యేసుకుమార్ మా ఇంటిముందు ఆటో తుడుచుకుంటుంటే అఖిలేష్ వెళ్ళి నిలబడ్డాడు. నేను వాకిట్లోనే ఉన్నాను.

"అన్నా, ఇవాళ నావల్ల కావట్లేదు. తలుపు గడియ పెట్టను. నువ్వుంటావా?"

యేసుకుమార్ గుడ్డ పిండి ఆటో మీద ఆరేశాడు. "ఉంటాలే. ఎటూ గిరాకీ లేదు. ముందు తెరేసమ్మక్కకు ఓ మాట చెప్పనీ, తిడతది, పడదాం."

ఆవిడ తిడుతూనే వచ్చింది, విరుగుడు సంచీతో సహా. అఖిలేష్ లోపల ఉంటే, తెరిచిన తలుపు దగ్గర ఆవిడా యేసుకుమారూ కూర్చున్నారు. సాయంత్రానికి అఖిలేష్ లేచి ఉప్మా తిన్నాడు. ఉప్పు తక్కువైందన్నాడు.

మత్తు మానలేదు. బతికే ఉన్నాడు. ఈ రెండు వాక్యాలూ మీ ఫ్లెక్సీ మీద ఒకదాని పక్కన ఒకటి పట్టవు. మా వాకిట్లో పడుతున్నాయి. తీసుకోబోతున్నానని తీసుకోకముందే ఒక మనిషికి చెప్పాడు. మీరు అతనికి ఇచ్చిన బిరుదులన్నిటికంటే నాకు ఆ ఒక్క మాటే పెద్దది.

మీకు వార్షికోత్సవం కావాలి. ఆ రోజు వేదిక మీద మీ తండ్రిప్రేమ గురించి మాట్లాడటానికి వేరే కొడుకుని చూసుకోండి. మీకు మాటలు బాగా వచ్చు. ఇక్కడ మాటలతో పని లేదు, అందువల్ల మిమ్మల్ని రమ్మని పిలవడం కూడా లేదు.

రామకోటేశ్వరరావు

—

మైలవరం
ఆగస్టు 19

కోటేశ్వరరావూ,

నీ ఉత్తరానికి నేను రాసిన జవాబు నాలుగు పేజీలు వచ్చింది. ఎక్కడా తప్పు లేదు. మీ అక్కయ్య అడిగితే చదివి వినిపించాను. అంతా విని, "ఇందులో పిల్లాడేడి?" అంది. చించేశాను.

వార్షికోత్సవానికి రావడం లేదని సమితికి చెప్పాను. బసవపున్నయ్య కారణం అడిగాడు. డెంగ్యూ అనబోయి ఊరుకున్నాను. అతనికి ఎటూ తెలుసు, తలుపు పగలగొట్టినవాడు. ఊరంతటికీ కూడా తెలుసట. జక్కయ్య నాకు టీ ఇస్తూ "అబ్బాయి ఎట్టున్నాడు మాస్టారూ" అని మామూలుగా అడిగాడు. నేను ఎవరి దగ్గర దాచానో నాకే అర్థం కావడం లేదు.

నువ్వు పనికిమాలిన పొగరుబోతువన్న నా అభిప్రాయంలో మార్పు లేదు. సూదుల విషయంలోనూ నేనింకా ఒప్పుకోలేదు. అది వేరే సంగతి.

శనివారాలు యేసుకుమార్‌కు గిరాకీ ఎక్కువనీ, పగలంతా ఆటో దిగడనీ మీ అక్కయ్య చెప్పింది. తెరేసమ్మగారు ఆ రోజు కూతురి ఊరు వెళతారట. నువ్వు షాపులో ఉంటావు. అయితే శనివారం వాడి పక్కన ఎవరు కూర్చుంటారు?

నేను పొద్దున బస్సుకు వస్తాను. ఉపన్యాసం ఇవ్వను. వాడు మాట్లాడితే వింటాను, మాట్లాడకపోతే పేపరు చదువుకుంటాను. తలుపు దగ్గర నాకొక కుర్చీ వేయించు. చేతులున్న కుర్చీ అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం తెరేసమ్మగారితో చెప్పు. ఊపిరి ఆడుతోందో లేదో చూడటం ఎలాగో నాకు ముందుగా నేర్పించమను. ఆరోజు నేను చాలాసేపు వాడి ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను. నాకు తెలియలేదు.

మల్లికార్జునరావు